ఒకే ఒంట్లో ఇద్దరు డిటెక్టివ్‌లు: స్టీమ్‌పంక్ మిస్టరీ నవల రాసే పద్ధతి

స్టీమ్‌పంక్ (అన్నీ ఆవిరి యంత్రాలతోనే నడిచే ఊహాలోకపు కథ) మిస్టరీ రాద్దామని కూర్చునేవాళ్ళలో ఎక్కువమంది ముందు నగరాన్ని కడతారు. గాలిఓడలు, పొగగొట్టాలు, ఇత్తడి చేతులు, గడియార గోపురాలు. తర్వాత అందులో ఒక శవాన్ని పడేస్తారు. డిటెక్టివ్‌లో కాస్త కొత్తదనం ఉండాలి కదా అని చివర్లో అతనికి రెండో వ్యక్తిత్వం తగిలిస్తారు. ఇలా పుట్టిన నవల్లో ఆవిరి తీసేసి కరెంటు పెట్టినా కథ నడిచిపోతుంది. రెండో మనిషిని తీసేసినా హంతకుడు దొరికిపోతాడు. అలాంటప్పుడు ఆ హంగులన్నీ దేనికి?

ఈ మూడింటినీ విడదీయడానికి వీల్లేకుండా కట్టే సూత్రం ఒకటుంది. డిటెక్టివ్ మరిచిపోయినదాన్ని యంత్రం గుర్తుపెట్టుకోవాలి. అతని బుర్రలో ఖాళీగా ఉన్న గంటకి ఎక్కడో ఒక కాగితం మీద పెన్సిల్ గీత ఉండాలి. అప్పుడు ఆవిరి లేకపోతే ఆధారం ఉండదు, రెండో మనిషి లేకపోతే చిక్కు ఉండదు, నేరం జరక్కపోతే ఆ కాగితాన్ని విప్పి చూసేవాడే ఉండడు. కింద చెప్పే ప్రతి అడుగూ ఈ సూత్రం కోసమే.

## మొదటి అడుగు: ఎవరికి ఏం గుర్తుంటుందో తేల్చుకోండి

కథ, నగరం, పాత్రల పేర్లు అన్నీ పక్కన పెట్టండి. ముందు తేలాల్సింది ఇద్దరి మధ్య జ్ఞాపకాల లెక్క. అనుకూలించే విషయమేమిటంటే, స్టీమ్‌పంక్ కథలు ఎక్కువగా జరిగే 19వ శతాబ్దంలోనే వైద్యులు ఇలాంటివాళ్ళ గురించి వివరంగా రాసిపెట్టారు. వాటిలో రెండు కేసులు నవలారచయితకి బాగా పనికొస్తాయి.

ఫ్రాన్సులోని బోర్డోలో యూజీన్ ఆజామ్ అనే సర్జన్ 1858 నుంచి ఒక యువతిని గమనించి, 1876లో ఆ వివరాలు ప్రచురించాడు. ఆమెను ఫెలీడా అని పిలిచాడు. మామూలు స్థితిలో ఆమె ముభావంగా, దిగులుగా ఉండేది. కొద్దిసేపు నిద్రలాంటి మగత కమ్మి, లేచేసరికి హుషారైన మరో మనిషి. ఆ రెండో స్థితిలో ఉన్నప్పుడు ఆమెకు రెండు జీవితాలూ గుర్తుండేవి. మొదటి స్థితికి తిరిగొచ్చాక మాత్రం రెండో స్థితిలో జరిగినదేదీ గుర్తుండేది కాదు. అంటే తలుపు ఒకవైపు నుంచే తెరుచుకుంటుంది.

రెండోది అమెరికాలోని రోడ్ ఐలాండ్‌కి చెందిన ఏన్సెల్ బోర్న్ అనే మత బోధకుడి కథ. 1887 జనవరిలో ఇంట్లోంచి వెళ్ళి మాయమయ్యాడు. పెన్సిల్వేనియాలోని నారిస్‌టౌన్‌లో ఎ.జె. బ్రౌన్ అనే పేరుతో చిన్న దుకాణం పెట్టుకుని, ఎవరికీ అనుమానం రాకుండా బతికాడు. మార్చిలో ఒక పొద్దున లేచి, నేనెక్కడున్నానని చుట్టుపక్కలవాళ్ళని అడిగాడు. 1890లో తత్త్వవేత్త, మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ హిప్నటైజ్ చేస్తే, అందులోంచి మళ్ళీ బ్రౌన్ మాట్లాడాడు. ఇక్కడ రెండువైపులా తలుపు మూసే ఉంది.

మిస్టరీకి ఫెలీడా పద్ధతే మేలని నా అభిప్రాయం. ఇద్దరికీ ఏమీ తెలియకపోతే ఇద్దరూ అమాయకులే, కథ గుడ్డిగా తడుముకుంటుంది. ఇద్దరికీ అన్నీ తెలిస్తే రహస్యమే మిగలదు. ఒకడికి తెలిసి రెండోవాడికి తెలియకపోతే, డిటెక్టివ్ వెతుకుతున్న అతిముఖ్యమైన సాక్షి అతని ఒంట్లోనే ఉంటాడు, పిలిస్తే పలకడు. ఈ వ్యాసంలో వాళ్ళని పగటి మనిషి, రాత్రి మనిషి అందాం. రాత్రి మనిషికి అన్నీ తెలుసు. పగటి మనిషికి సగమే తెలుసు.

మార్పు ఎప్పుడు వస్తుందో కూడా ఇప్పుడే రాసుకోండి. ఒకసారి రాసుకున్నాక ఆ నియమం మీకు కూడా వర్తిస్తుంది. వెంటాడుతున్న రౌడీల చేతికి చిక్కబోతుండగా సరిగ్గా బలశాలి బయటికి రావడం, తర్వాతి అధ్యాయంలో అవసరం తీరగానే మాయమవడం రచయిత చేసుకునే సర్దుబాటని పాఠకుడికి తెలిసిపోతుంది. మార్పు అతనికి నష్టం కలిగించే చోట కనీసం రెండుసార్లు రావాలి.

ఒక జాగ్రత్త. దీన్ని స్కిజోఫ్రీనియాతో కలపకండి, ఆ జబ్బు వేరు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో ఇచ్చిన మల్టిపుల్ పర్సనాలిటీ అనే పేరుని 1994లో డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్‌గా మార్చింది. చిన్నతనంలో పడిన తీవ్రమైన హింసతో దీనికి సంబంధం ఉందని చాలామంది వైద్యులు చెబుతారు. మీ కథలో డాక్టరు ఈ పేర్లేవీ పలకకూడదు. అతను ఆజామ్‌లాగా 'రెండో స్థితి' అంటాడు, లేదంటే 1843లో జేమ్స్ బ్రెయిడ్ హిప్నాటిజం మీద రాసిన పుస్తకాన్ని తిరగేస్తాడు. రెండో మనిషంటే రాక్షసుడే అన్న పాత అలవాటుని కూడా వదిలేయండి. అది అన్యాయం, పైగా పాఠకుడు ముందే ఊహించేస్తాడు.

## రెండో అడుగు: నేరాన్ని యంత్రంలోంచి పుట్టించండి

హంతకుడు కత్తితో పొడిచి, తర్వాత డిటెక్టివ్ ఆవిరి బండిలో తిరిగితే అది స్టీమ్‌పంక్ వేషం కట్టిన మామూలు కథ. చంపింది యంత్రమే కావాలి, పట్టించింది కూడా యంత్రమే కావాలి. ఒక ఉదాహరణ కడదాం.

నగరపాలక భవనంలో ఆవిరితో నడిచే ఒక పెద్ద గణన యంత్రం ఉంది. పన్నులు, జనాభా, జైలు శిక్షలు అన్నీ అదే లెక్కేస్తుంది. రాత్రి 2.05కి దాని బాయిలర్ పేలి యంత్రాధికారి చనిపోయాడు. బాయిలర్లో నీళ్ళు తగ్గిపోయాయని, బొగ్గు వేసేవాడి నిర్లక్ష్యమని విచారణలో తేల్చేశారు. అందరూ నమ్మారు కూడా. ఆ కాలంలో బాయిలర్లు పేలడం వింత కాదు. 1865లో మిసిసిపీ నది మీద సుల్తానా అనే స్టీమర్ బాయిలర్లు పేలి వెయ్యిమందికి పైగా చనిపోయారు. హత్యని ప్రమాదం కింద దాచేయడానికి ఇంతకన్నా మంచి ముసుగు దొరకదు.

ఇప్పుడు బాయిలర్ ఎలా పనిచేస్తుందో చూడండి, క్లూలు వాటంతటవే బయటపడతాయి. మామూలు వాతావరణ పీడనంలో నీళ్ళు ఆవిరైతే దాదాపు 1,600 రెట్ల చోటు పడుతుంది. అందుకే బాయిలర్‌కి రెండు రక్షణలుంటాయి. ఒకటి సేఫ్టీ వాల్వు. పాతరకం వాల్వు మీద ఒక పొడుగాటి కడ్డీ, దాని చివర బరువు ఉంటాయి. బరువుని చివరికి జరిపేకొద్దీ వాల్వు తెరుచుకోవడానికి ఎక్కువ పీడనం కావాలి. రెండోది పొయ్యి పైకప్పులో బిగించే ఫ్యూజిబుల్ ప్లగ్. దాని నడుమ సీసంలాంటి త్వరగా కరిగే లోహం ఉంటుంది. నీళ్ళు తగ్గి ఆ చోటు బయటపడితే లోహం కరిగి, ఆవిరి పొయ్యిలోకి దూకుతుంది.

పగటి మనిషి శిథిలాల్లో వెతికి ఆ ప్లగ్‌ని పట్టుకుంటాడు. లోపలి లోహం కరగలేదు. అంటే నీళ్ళు తగ్గలేదు, విచారణ నివేదిక అబద్ధం, ఎవరో బరువు జరిపారు. కథలో మొదటి మలుపు ఇది. ఇందుకు ఏ అద్భుత శక్తీ అక్కర్లేదు, వేలెడు లోహపు ముక్క చాలు.

రెండో మలుపు దగ్గర రాత్రి మనిషి అవసరమవుతాడు. బాయిలర్ గదిలో గడియారంతో తిరిగే డ్రమ్ము ఉంది, దాని మీద చుట్టిన కాగితంపై పెన్సిల్ పీడనాన్ని గీస్తూ ఉంటుంది. పేలుడు జరిగిన రాత్రి కాగితం చింపేసి ఉంది. నాలుగు అధ్యాయాల తర్వాత ఆ ముక్క పగటి మనిషి కోటు అస్తరు లోపలే దొరుకుతుంది. తనే హంతకుణ్ణని అతను వణికిపోతాడు, పాఠకుడూ అదే అనుకుంటాడు. కానీ గీతని సరిగ్గా చదవాలి. 12.40 నుంచి అది పైకెక్కుతుంది, 1.20 దగ్గర ఒక్కసారిగా కిందికి దిగుతుంది, అక్కడే కాగితం చిరిగిపోయింది. చంపాలనుకున్నవాడు పీడనం ఎందుకు తగ్గిస్తాడు? ఆ కాగితం చింపినవాడు అంతకుముందే బరువుని వెనక్కి జరిపాడు. వాల్వు తెరుచుకుని ఆవిరి బయటికి తన్నింది. ఎదురింటి ముసలామె "ఒంటిగంట దాటాక పెద్ద బుస వినిపించింది బాబూ" అని మూడో అధ్యాయంలోనే చెప్పింది, ఎవరూ పట్టించుకోలేదు. రాత్రి మనిషి వెళ్ళిపోయాక హంతకుడు తిరిగొచ్చి బరువు మళ్ళీ జరిపాడు. ఆ హంతకుడు ఊళ్ళో ఒక పెద్దమనిషి. 12.40కి తను ఊళ్ళోనే లేనన్న అతని అలిబి (నేరం జరిగినప్పుడు వేరేచోట ఉన్నానన్న వాదన) ఆ గీతతో కూలుతుంది.

మరి రాత్రి మనిషి కాగితాన్ని ఎందుకు దాచాడు? పగటి మనిషి జీతం తీసుకునేది ఆ పెద్దమనిషి దగ్గరే కాబట్టి. రాత్రి మనిషికి తన రెండో సగం మీదే నమ్మకం లేదు. నవలకి అసలు గొడవ ఇదే, హత్య దానికి వేదిక మాత్రమే.

## మూడో అడుగు: నాలుగు గడుల కాగితం

ఒక పెద్ద కాగితం మీద నిలువుగా నాలుగు గడులు గీయండి. నిజంగా జరిగింది, పగటి మనిషికి తెలిసింది, రాత్రి మనిషికి తెలిసింది, పాఠకుడికి తెలిసింది. ప్రతి సంఘటననీ గంటతో సహా వరసగా రాసుకుంటూ పోండి. 1.20 వరసలో మొదటి గడీలో "బరువు వెనక్కి", రెండోది ఖాళీ, మూడోది నిండుగా, నాలుగో దాంట్లో "బుస". ఇలాంటి ఖాళీల వరసలే మీ అధ్యాయాల పట్టిక. ఒక వరసలో నాలుగు గడులూ నిండిపోతే ఆ రహస్యం అయిపోయినట్టే, దాన్ని ఇంక సాగదీయకండి.

## నాలుగో అడుగు: నగరం

చరిత్రలో ఒక్క మార్పు చెయ్యండి. ఒక్కటే. దాని ఫలితాలని మాత్రం చివరిదాకా వెంటాడండి.

గణన యంత్రాన్నే చూడండి. ఇంగ్లీషు గణితవేత్త చార్లెస్ బాబేజ్ 1820లలో మొదలుపెట్టిన డిఫరెన్స్ ఇంజన్ అనే గణన యంత్రం పూర్తికాలేదు. పనిముట్లు చేసే జోసెఫ్ క్లెమెంట్‌తో తగాదా వచ్చి 1833లో పని ఆగింది, 1842లో బ్రిటిష్ ప్రభుత్వం చేతులెత్తేసింది. అప్పటికి 17,000 పౌండ్లకి పైగా ఖర్చయింది. ఆ కాలపు పనితనంతో దాన్ని అసలు చేయడం సాధ్యమేనా అని చాలాకాలం అనుమానం ఉండేది. బాబేజ్ తర్వాత గీసిన రెండో నమూనా ప్రకారం లండన్ సైన్స్ మ్యూజియం 1991లో యంత్రాన్ని కట్టి చూపించింది, అది లెక్కలు సరిగ్గా చేసింది. లోహం చేత కాక ఆగిన పని కాదది. డబ్బు, మనుషులు కుదరక ఆగింది.

కాబట్టి మీ ప్రపంచంలో ఆ యంత్రం పూర్తయి ఉంటే అడగాల్సింది డబ్బు ఎవరు పెట్టారని. సైన్యమా, బీమా వ్యాపారులా, గనుల యజమానులా? పెట్టినవాళ్ళే ఆ నగరాన్ని ఏలుతారు, వాళ్ళలో ఒకడు మీ హంతకుడు. ఇక బొగ్గు తవ్వేదెవరు, మసి పీల్చేదెవరు, ఇత్తడి తోమేదెవరు అన్నవాటికి జవాబులు దొరికితే వీధులు వాటంతటవే కనిపిస్తాయి. (నుదుటి మీద గాగుల్స్ పెట్టుకుని తిరిగే పాత్రలు ఈ కథల్లో కోకొల్లలు. వాటిని కళ్ళకి పెట్టుకున్నవాడు మాత్రం అరుదుగా కనిపిస్తాడు. ఒకణ్ణి పెట్టుకోనివ్వండి, పక్కనే వెల్డింగ్ పని కూడా చూపించండి.)

యంత్రం చేయగలిగినదానికన్నా చేయలేనిది కథకి ఎక్కువ ఉపయోగం. 1845 జనవరి 1న ఇంగ్లండులోని స్లౌ దగ్గర ఒకామెకి విషం పెట్టి చంపిన జాన్ టావెల్ రైలెక్కి లండన్ పారిపోయాడు. రైలుకన్నా ముందు టెలిగ్రాఫ్ సందేశం వెళ్ళింది. అతను క్వేకర్ మతస్థుల దుస్తుల్లో ఉన్నాడని చెప్పాలి, కానీ ఆ సూదుల టెలిగ్రాఫ్‌లో 'క్యూ' అక్షరమే లేదు. అందుకని 'కె', 'డబ్ల్యూ' అక్షరాలతో పంపారు. అవతలివాడు కాసేపు తికమకపడి, చివరికి అర్థం చేసుకున్నాడు. టావెల్ దొరికిపోయాడు. ఒక్క అక్షరం లోటు ఎంత ఉత్కంఠ ఇచ్చిందో చూడండి. మీ యంత్రాలకీ ఇలాంటి లోటు ఒకటి పెట్టండి.

కాలం ఎంచుకునేటప్పుడు వేలిముద్రల సంగతి కూడా చూసుకోవాలి. వేలిముద్రలతో నేరస్థుల్ని పట్టవచ్చని హెన్రీ ఫాల్డ్స్ 1880లో 'నేచర్' పత్రికకు రాశాడు, కలకత్తాలో వేలిముద్రల బ్యూరో 1897లో వచ్చింది, స్కాట్లండ్ యార్డులో 1901లో. ఈ నవలకి దీంతో తమాషా అయిన చిక్కు ఒకటుంది. కాగితం మీది మసి ముద్ర పగటి మనిషిదా రాత్రి మనిషిదా అని ఏ బ్యూరో తేల్చలేదు, ఇద్దరివీ అవే వేళ్ళు. అనుమానం పూర్తిగా గాల్లో ఉండాలంటే 1870లలో ఆగండి. మెడకి ఉచ్చు బిగియాలంటే 1900 దాటించండి.

## ఐదో అడుగు: గొంతులు

ఇక్కడే చాలా రాతప్రతులు నీరసపడతాయి. ఒకడు మెల్లగా మాట్లాడతాడు, ఇంకొకడు అరుస్తాడు. అంతేనా తేడా? తెలుగు ఇంతకన్నా చాలా ఎక్కువ ఇస్తుంది.

మొదటిది పిలుపు. డిటెక్టివ్‌కి ఒక సహాయకురాలిని పెట్టి, కథ ఆమె చేత చెప్పించండి. పగటి మనిషిని ఆమె 'మీరు' అంటుంది: "రండి, కూర్చోండి. నివేదిక తెచ్చాను." రాత్రి మనిషిని 'నువ్వు' అంటుంది: "వచ్చావా? ముందా చేతుల మసి కడుక్కో." ఈ తేడాని ఎక్కడా వివరించకండి, పాఠకుడికి నాలుగైదు సన్నివేశాల్లో అలవాటవుతుంది. అప్పుడు ఒకరోజు మధ్యాహ్నం, ఇస్త్రీ కోటు, పగటి మనిషి నడక, పగటి మనిషి మాటతీరు. పెద్దమనిషి గదిలోకి అతను నమస్కారం పెడుతూ వస్తాడు. సహాయకురాలు కాగితాల్లోంచి తలెత్తి, గొంతు తగ్గించి "వచ్చావా?" అంటుంది. అంతే, సన్నివేశం ముందుకి పోతుంది. పట్టుకున్న పాఠకుడికి ఒళ్ళు జలదరిస్తుంది. పట్టుకోనివాడు పుస్తకం అయ్యాక వెనక్కి తిప్పి చూసుకుంటాడు.

రెండోది క్రియ. తెలుగులో కర్త లేకుండా వాక్యం నడుస్తుంది గానీ, 'తీశాను', 'తీశాడు' అనగానే ఎవరో తెలిసిపోతుంది. అసమాపక క్రియల్లో ఆ ఇబ్బంది లేదు. ఇలా రాయండి:

"గొళ్ళెం వేసి, లాంతరు వత్తి తగ్గించి, కడ్డీ మీది బరువుని రెండు గళ్ళు వెనక్కి జరిపి, డ్రమ్ము మీది కాగితం చింపి మడిచేసరికి ఆవిరి బుసకి గోడలు అదిరాయి."

పనంతా జరిగింది, చేసిందెవరో చెప్పలేదు, అబద్ధమూ ఆడలేదు. అయితే ఇలాంటి వాక్యాలు నవలలో రెండు మూడు చోట్లే ఉండాలి. ఎక్కువైతే రచయిత ఏదో దాస్తున్నాడని పసిగట్టేస్తారు. మిగతా అధ్యాయాల్లో కూడా అక్కడక్కడా పొడుగాటి అసమాపక గొలుసులు వాడితే ఇవి వాటిలో కలిసిపోతాయి.

మూడోది చూపు. ఒకే గదిలోకి ఇద్దర్నీ వేర్వేరుగా పంపి రాసి చూడండి. పగటి మనిషి గేజ్ అంకె చూస్తాడు, రాత్రి మనిషి గేజ్ తుడిచే పిల్లాడి కాలిన వేళ్ళు చూస్తాడు. ఎవరేం గమనిస్తారన్నది స్థిరంగా ఉంటే, పేరు చెప్పకపోయినా ఎవరి అధ్యాయమో తెలుస్తుంది.

## ఆరో అడుగు: పాఠకుడితో న్యాయంగా ఆడండి

1929లో రొనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు రచయిత అపరాధ పరిశోధన కథలకి పది నియమాలు రాశాడు. వాటిలో నాలుగు మనకి నేరుగా తగులుతాయి. చివర్లో పొడుగాటి శాస్త్రీయ వివరణ అవసరమయ్యే పరికరం వాడకూడదు. డిటెక్టివే నేరస్థుడు కాకూడదు. అతనికి దొరికిన క్లూ వెంటనే పాఠకుడికీ చూపించాలి. కవలల్ని, ఒకేలా ఉండే మనుషుల్ని ముందే సిద్ధం చేయకుండా ప్రవేశపెట్టకూడదు.

మొదటి నియమం స్టీమ్‌పంక్‌కి ప్రాణం. ఫ్యూజిబుల్ ప్లగ్ అంటే ఏమిటో ఆఖరి అధ్యాయంలో చెబితే అది మోసం. రెండో అధ్యాయంలోనే, హత్యతో సంబంధం లేని చోట, బొగ్గు వేసేవాడు కొత్త కుర్రాడిని తిడుతూ చెప్పాలి: "నీళ్ళు తగ్గితే ముందు కరిగేది అదిరా, నీ బుర్ర కాదు!" పాఠకుడు నవ్వుకుని మరిచిపోతాడు, కానీ చెప్పినట్టే లెక్క.

రెండోదాన్ని ఉల్లంఘించే హక్కు మీకుంది, కానీ రాత్రి మనిషే హంతకుడు అనే ముగింపు అరిగిపోయింది. ఇద్దరున్నారన్న సంగతిని మొదటి యాభై పేజీల్లోనే చెప్పేయండి. దాచాల్సింది రెండో మనిషి ఉనికిని కాదు, అతనికి తెలిసిన విషయాన్ని. నాలుగోది పాటించినట్టూ అవుతుంది.

మూడోది చిక్కైనది. పగటి మనిషికి దొరికినవన్నీ వెంటనే చూపించాలి. రాత్రి మనిషికి దొరికినవి కూడా చూపించాలి, కాకపోతే వాటి జాడల రూపంలో: కోటు మీద మసి, కీ ఇచ్చిన గడియారం, తడిసిన బూట్లు. జాడ కనపడింది కాబట్టి న్యాయం జరిగింది, కారణం కనపడలేదు కాబట్టి మిస్టరీ మిగిలింది.

## ఏడో అడుగు: తిరగరాత

మొదటి ప్రతి అయ్యాక రాత్రి మనిషి అధ్యాయాలను మాత్రమే విడదీసి వరసగా చదవండి. అవి వాటంతట అవే ఒక చిన్న కథలా సాగాలి. మధ్యలో అతను ఎక్కడికి వెళ్ళాడో, ఎందుకు వెళ్ళాడో మీకే తెలియని రాత్రులు తగిలితే నాలుగు గడుల కాగితం దగ్గరికి తిరిగి వెళ్ళండి. తర్వాత యంత్రం పేరున్న ప్రతి వాక్యం కింద గీత పెట్టండి. వేడి, శబ్దం, వాసన, బరువు వీటిలో ఏదీ లేని వాక్యాలు అలంకారాలే, సగం కొట్టేయొచ్చు.

ముగింపులో ఇద్దర్నీ కలిపి ఒకణ్ణి చేసేయాలనే ఆత్రం వస్తుంది. తొందరపడకండి. ఇద్దరూ మొదటిసారి ఒకరికొకరు ఉత్తరం రాసుకోవడం దగ్గర ఆగినా నవల పూర్తయినట్టే. పగటి మనిషి పెద్దమనిషి దగ్గర ఉద్యోగం మానేశాడో లేదో మాత్రం తేలాలి, గొడవ మొదలైంది అక్కడే కాబట్టి.

చివరగా, రాతప్రతిలో మూడింట రెండొంతులు మాత్రమే ఇద్దరు ముగ్గురు పాఠకులకి ఇచ్చి, హంతకుడెవరో చీటీ మీద రాయమనండి. అందరూ పెద్దమనిషి పేరు రాస్తే ఎదురింటి ముసలామె మాటని ఇంకా ముందుకి జరిపి, మరో రెండు పనికిరాని సాక్ష్యాల మధ్య ఇరికించండి. అందరూ రాత్రి మనిషినే రాస్తే మీ ఎర పనిచేసింది. ఎవరూ ఏమీ రాయలేకపోతే 1.20 నాటి గీతని వాళ్ళకి సరిగ్గా చూపించలేదన్నమాట, ఆ పేజీ మళ్ళీ రాయండి.